పుంజులే కొట్టుకున్నాయండి

నిన్న పొలం గట్టు తగాదా వాయిదాకి అమలాపురం వెళ్లాను. కోర్టు వరండాలో ఒకాయన తన కోడిపందెం కేసు లాయరుకి చెబుతున్నాడు. “నేను వదల్లేదండి, పుంజులు వాటంతటవే కొట్టుకున్నాయండి. ఆయ్.”

“మరి కాలికి కత్తి కూడా అదే కట్టుకుందా?” అన్నాడు లాయరు, ఫైలు మీంచి తలెత్తకుండా.

నాకు నవ్వాగలేదు. పక్కనే ప్లీడరు బాబాయి, “ఇదేం చూశావురా” అని ఒరిస్సా కేసు మొదలెట్టాడు. రస్‌గోవింద్‌పూర్ అనే ఊళ్లో పాడుబడ్డ విమానాశ్రయం. అక్కడ దెయ్యాలుంటాయని జనం నమ్మకం. ఓ అర్ధరాత్రి అటు వెళ్తున్న నేపాలీ పనివాడికి మినుకుమనే దీపం, చుట్టూ కదిలే ఆకారాలు కనిపించాయి. దెయ్యాలే అనుకుని కుక్రీ (నేపాలీ కత్తి) దూసి మీదపడి నరికేశాడు. తీరా చూస్తే ఇప్పపూలు ఏరుకుంటున్న ఆడవాళ్లు, పక్కన లాంతరు. ఒకామె చనిపోయింది.

కింది కోర్టు వదిలేసింది, 1959లో హైకోర్టూ నిర్దోషే అంది. దెయ్యాలున్నాయా లేవా అన్నది కాదట లెక్క, అతను మంచి మనసుతో అలా నమ్మాడా అన్నదే. అలా నమ్మి పొరబడినవాడికి రక్షణనిచ్చేది అప్పుడు ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) సెక్షను 79, ఇప్పుడు దాని చోట వచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షను 17. కాస్త జాగ్రత్తపడి ఉంటే ఆ ఘోరం తప్పేదే, అయినా అంతమాత్రాన ఆ రక్షణ పోదందట కోర్టు.

చట్టం ప్రకారం సరేననుకోండి. నా మనసు మాత్రం ఆ లాంతరు దగ్గరే ఆగిపోయింది. పూలకోసం వెళ్లిన మనిషి!

మా వాయిదా మళ్లీ వచ్చే నెలకి పడింది. పుంజులాయన నాకంటే ముందే బస్సెక్కేశాడు.