మా దగ్గర బియ్యం తీసుకోం

దాతలిచ్చిన సరుకులు అరల్లో పెడితే, లేనివాళ్లు కావలసినవి ఊరికే తీసుకెళ్లే గది ఒకటి నడుపుతున్నాం. "సరుకుల గదికి క్వింటాల్ బియ్యం పంపిస్తా, అన్నా" అని ఎవరైనా ఫోన్ చేస్తే వద్దంటాను. నూనె ప్యాకెట్లైనా కందిపప్పైనా ఇప్పించమంటాను. కొందరికి కోపమొస్తుంది. "తీసుకునేటోళ్లకు ఇంత టెక్కా?" అని ఒకాయన ఫోన్ పెట్టేశాడు. టెక్కు కాదు, దీనికి పాత లెక్క ఒకటుంది.

మా నాన్నది వరంగల్ కొత్తవాడలో కిరాణం. గిరాకీలో సగం జంపఖానాలు నేసేవాళ్లు, సగం ఆజంజాహి మిల్లు కార్మికులు. నిజాం హయాంలో, 1934లో పెట్టిన మిల్లు అది. నెలంతా ఉద్దెర, జీతం రోజున జమ. దీపావళికి కొత్త ఖాతా పుస్తకం తెరిచేవాళ్లం. పాత బాకీలు అందులోకి ఎక్కించే పని నాది, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని. 2002లో మిల్లు మూతపడ్డాక వచ్చిన దీపావళికి నాన్న పక్కన కూర్చుని కొన్ని పేజీలు తిప్పేస్తూ "ఇవి రాయకు" అన్నాడు. మాఫీ చేశానని ఎవరికీ చెప్పలేదు. వాళ్లు ఎప్పటిలాగే వచ్చారు, కొత్త పుస్తకంలో కొత్త పేజీ మొదలైంది. మా గది చరిత్ర రాయమంటే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ పేజీల్లో బియ్యం దాదాపు కనిపించేది కాదు. 1983లో 2 రూపాయలకు కిలో బియ్యం మొదలైనప్పటి నుంచి పేదింటికి కంట్రోల్ బియ్యం ఏదో రకంగా అందుతూనే ఉంది. ఉద్దెర పెట్టింది పావు కిలో నూనె, ఉల్లిగడ్డ, చింతపండు, చాయపత్తి, బట్టల సబ్బు. సర్కారు కూడా కూర సంగతి ఒకసారి పట్టించుకుంది. 2013 ఉగాదికి అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు పప్పు, నూనె, చింతపండు, కారం, పసుపు కలిపి 9 సరుకులిచ్చారు. ఎక్కువ కాలం నడవలేదు.

2020 లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయాయి. రేషన్ కార్డున్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు వచ్చాయి. మా వెనక వీధి పెద్దమ్మ ఒకామె దుకాణం మెట్ల మీద కూర్చుని "బియ్యం ఉన్నయి బిడ్డా, ఏమేసుకొని తినాలె?" అంది. నేను, ఒక రిటైర్డ్ టీచరమ్మ, జంపఖానాల సంఘంలో లెక్కలు చూసే ఒకాయన కలిసి మా పప్పు గోదాం ఖాళీ చేసి అరలు కొట్టించాం. మూటలు కట్టి పంచడం వద్దని టీచరమ్మ పట్టుబట్టింది. షుగర్ ఉన్న ఇంటికి కిలో చక్కెర దేనికి? ఎవరికేం కావాలో వాళ్లే తీసుకోవాలి. ఫోటోలు తీయొద్దు. ఈ ఒక్క మాటకే కొందరు దాతలు మళ్లీ రాలేదు. పోనీ.

మిర్చి మాత్రం ఏటా గొడవే. ఎనుమాముల మార్కెట్‌లో తెలిసిన అడ్తిదారు సీజన్‌లో ఒక బస్తా ఇస్తాడు. మొదటిసారి వచ్చింది తాలు. రంగు పోయి, తెల్లబారి, నలిపితే గింజలు రాలే కాయ. టీచరమ్మ గుప్పెడు సంచిలో వేసుకుని నేరుగా ఆయన కొట్టుకు పోయి, "మీ ఇంట్ల ఈ కారంతోనే పచ్చడి పెడ్తరా?" అని అడిగింది. మర్నాడు మంచి కాయ వచ్చింది. ఇప్పుడు ఆమెను చూస్తే ఆయన లేచి నిలబడతాడు.

2023 జూలైలో వరదొచ్చి భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ రోజుల్లో గదిలో పప్పుల కంటే గిన్నెలు, చాపలే ఎక్కువ. వండుకోవడానికి పొయ్యే లేని ఇంటికి పప్పెందుకు?

సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, బెల్లం పెట్టాలన్నప్పుడు "ఇది అవసరమా?" అన్నది లెక్కల అన్న. వాదన రాత్రి దాకా సాగింది. సత్తుపిండి లేకుండా బతుకమ్మ దగ్గరికి ఏ ఆడబిడ్డ పోతుంది? పెట్టాం. ఆ పల్లీల అర మధ్యాహ్నానికే ఊడ్చుకుపోయింది.

రేషన్‌లో వచ్చే దొడ్డు బియ్యం అమ్ముకుంటారని పేదలను తిట్టేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆ వచ్చిన డబ్బుతో నూనె కొనేవాళ్లు, నా గల్లాపెట్టె దగ్గర నేను చూసిందే. 2025 ఉగాది నుంచి సన్న బియ్యం ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. ఇప్పుడు మా వైపు ఎవరూ అమ్మట్లేదు, కడుపునిండా తింటున్నారు, సంతోషం. మా గదిలో నూనె మాత్రం ఇదివరకటి కంటే తొందరగా అయిపోతోంది.

ఈ మధ్య ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి రూముల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదివే పిల్లలు కూడా వస్తున్నారు. కార్డు ఊళ్లో ఉంటుంది, వీళ్లు ఇక్కడ. లీటరు ప్యాకెట్ వద్దంటారు, ఒక్కరికే కదా అని. అందుకే ఈ నెల నుంచి ఇచ్చేవాళ్లను అర లీటరు ప్యాకెట్లు అడుగుతున్నాం. గది మంగళ, శుక్రవారాలు సాయంత్రం తెరిచి ఉంటుంది.