హై డెఫినిషన్‌లో కొనదగిన సినిమా ఏది?

నచ్చిన ప్రతి సినిమానూ హై డెఫినిషన్ డిస్కుగా కొని అల్మరాలో పెట్టుకోవాలనేవారికీ, అన్నీ ఓటీటీలో దొరుకుతుంటే డిస్కు ఎందుకని నవ్వేవారికీ మధ్య మా ఇంట్లోనే తరచూ వాదన జరుగుతుంది. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. కథ, నటన, సంగీతం డీవీడీలోనూ అందుతాయి. అదనంగా డబ్బు పెడుతున్నది బొమ్మకే కాబట్టి, ఆ బొమ్మను దేని నుంచి తయారుచేశారో తెలుసుకున్నాకే సినిమా ఎంత గొప్పదన్న విచారంలోకి దిగడం మంచిది.

డీవీడీ బొమ్మలో 720 × 576 లేదా 720 × 480 చుక్కలుంటాయి. హై డెఫినిషన్ డిస్కైన బ్లూ-రేలో 1920 × 1080, అంటే ఐదారు రెట్లు. ఆ అదనపు జాగాను నింపగల వివరం మూలంలో ఉండాలి. కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మయిన 35 ఎంఎం నెగటివ్‌లో అది పుష్కలంగా ఉంటుంది కనుక, 1950లలో తీసిన నలుపు తెలుపు చిత్రం సైతం, నెగటివ్ చెడకుండా ఉన్నట్టయితే, బ్లూ-రేకు సరిపోవడమే కాక 4కె స్కానుకు, అంటే సుమారు నాలుగు వేల చుక్కల వెడల్పుకు కూడా నిలుస్తుంది. తమాషా ఏమిటంటే, 2000 తరువాత వచ్చిన ఎన్నో భారీ చిత్రాలకు ఆ భాగ్యం లేదు. రంగుల సవరణ, గ్రాఫిక్స్ అన్నీ 2కెలో, అంటే 2048 చుక్కల వెడల్పులో పూర్తిచేసిన చిత్రానికి ఆ ఫైలే అసలు ప్రతి. బ్లూ-రే వెడల్పు కంటే అది పిసరంత ఎక్కువ, అంతే. అలాంటిదాన్ని 4కె డిస్కుగా అమ్మితే రంగుల్లోనూ వెలుగునీడల్లోనూ కొంత లాభం ఉండవచ్చు గాని, తీసినప్పుడు లేని వివరం ఇప్పుడు పుట్టుకురాదు.

చెన్నైలో ఉండే తెలుగువాడికి, మూలంలోని వివరమే ముఖ్యమన్న ఈ సంగతి మరికాస్త బాధ కలిగిస్తుంది. ఆర్కాట్ రోడ్డు మీద ఇప్పుడు మాల్ కనిపిస్తున్న వడపళని ప్రాంతంలోనే ఒకప్పుడు విజయా-వాహినీ స్టూడియోలు ఉండేవి. 1957 నాటి 'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెలను సృష్టించింది ఆ విజయావారి కోసమే. ఆయన పనిలో తెలుపుకూ నలుపుకూ మధ్య ఉన్న బూడిద ఛాయలే ప్రాణం. వీసీడీలు, పాత టీవీ ప్రసారాలు ముందుగా మింగేసేది వాటినే. 2010లో ఆ చిత్రానికి రంగులద్ది, నిడివి తగ్గించి మళ్లీ విడుదల చేశారు. రంగుల ప్రతి చూసి ఆనందించినవారిని నేను తప్పుపట్టను గాని, నా డబ్బు మాత్రం బూడిద ఛాయలు దక్కిన ప్రతికే.

అయితే మన పాత చిత్రాల్లో చాలావాటికి నెగటివ్ మంచి స్థితిలో మిగలలేదు. ఇక్కడి ఒక ల్యాబ్‌లో రంగులు, వెలుతురు సరిచేసే గ్రేడింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన మా మేనమామ చెబుతుంటాడు: చల్లదనం లేని గదిలో ఏళ్ల తరబడి పడివున్న డబ్బా మూత తీస్తే ముందు పుల్లటి వాసన ముక్కుకు కొడుతుందట; ఎసిటేట్ ఫిల్ము కుళ్లుతోందనడానికి అదే గుర్తు. అప్పుడు దాని నకలైన డూప్ నెగటివ్ దగ్గరికో, థియేటర్లలో తిరిగివచ్చిన ప్రింటు దగ్గరికో, చివరికి శాటిలైట్ ఛానెల్ కోసం ఎక్కించిన బీటా టేపు దగ్గరికో పోవలసివస్తుంది. ఒక్కో మెట్టు దిగినకొద్దీ కొంత వివరం పోతుంది. టేపు దాకా దిగిన బొమ్మను కంప్యూటరులో సాగదీసి, మీద 'హెచ్‌డీ' అని ముద్ర వేసినంత మాత్రాన అది హెచ్‌డీ కాదు.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. టీవీ ముందు కూర్చోగానే మామయ్య అనే మొదటి మాట, "ముందు జుట్టు చూడరా." వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి, ముద్దగా కాదు. తరువాత చీర అంచులోని జరీ. పౌరాణికమైతే ఇంకా సులువు: కిరీటంలో అద్దం పూసలు వేరువేరుగా మెరవాలి, నుదుటి మీద విగ్గు అంచు తెలియాలి, మీసం అతికించిన చోట గమ్ము మెరుపు కూడా పట్టుబడాలి. మేకప్‌వాళ్లకు ఇది నచ్చకపోవచ్చు గాని, స్కాను నిజాయతీగా జరిగిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఎవరైనా వేగంగా చెయ్యి ఊపినప్పుడు అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు కనిపిస్తే, ఆ బొమ్మ టేపు నుంచి వచ్చిందని అనుమానించవచ్చు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు మరొకటి ఉంది. ఫిల్ముకు సహజంగా ఉండే సన్నటి రేణువులైన గ్రెయిన్‌ను మరకగా భావించి, నాయిస్ రిడక్షన్‌తో తుడిచేస్తారు. గ్రెయిన్‌తోపాటు చర్మపు గరుకుదనం, బట్ట నేత కూడా కొట్టుకుపోయి, అరవై ఏళ్ల నటుడి ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. షోరూము టీవీలో అది 'క్లీన్'గా కనిపిస్తుంది. నా దృష్టిలో గీతలున్న ప్రింటే దానికంటే నయం.

ఫ్రేము సంగతీ చూడాలి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. బాగా వెడల్పుగా ఉండే స్కోప్ బొమ్మను టీవీ తెర నిండేలా కత్తిరిస్తే, ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి చెవి మాత్రమే మిగులుతుంది. పైనా కిందా నల్లపట్టీలు ఉంటే డబ్బు నష్టపోయామని కొందరు అనుకుంటారు గాని, ఆ పట్టీలున్నప్పుడే బొమ్మ పూర్తిగా వచ్చినట్టు. ఇక సంగీత ప్రధానమైన చిత్రాల విషయంలో వేగం కూడా ముఖ్యం. సెకనుకు 24 ఫ్రేములతో తీసినదాన్ని పాత టీవీ, డీవీడీల పాల్ పద్ధతిలో 25 ఫ్రేములతో నడిపితే మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది. దిద్దుబాటు చేయకపోతే శ్రుతి కూడా కొంచెం పైకి పోతుంది. చెన్నై మార్గళి మాసపు సంగీత కచేరీలకు అలవాటుపడ్డ చెవికి అది తెలియకుండా పోదు. బ్లూ-రేలో 24 ఫ్రేములు యథాతథంగా వస్తాయి.

ఓటీటీలో 1080 బొమ్మకు సెకనుకు అందే సమాచారం చాలావరకు పది మెగాబిట్ల లోపే. బ్లూ-రేలో వీడియోకు 40 దాకా వాడుకోవచ్చు. సంభాషణలతో నడిచే ఇంటి కథలో ఈ తేడా దాదాపు కనిపించదు. వాన, పొగ, జాతర జనం, చీకటి గది వచ్చినప్పుడు కనిపిస్తుంది. అందుకే హాస్య చిత్రాలకు నేను డిస్కు కొనను, అవి ఎన్నిసార్లు చూసేవైనా సరే.

తెలుగు చిత్రాలు బ్లూ-రేగా వచ్చినవే తక్కువ కాబట్టి, నేను కొన్నవాటిలో పరభాషా చిత్రాలే ఎక్కువ. సత్యజిత్ రాయ్ 'అపు' చిత్రత్రయం అందులో మొదటిది. 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో కాలిన నెగటివ్‌లలో పనికొచ్చే భాగాలను ఇటలీలోని బొలోన్యాలో బాగుచేసి, మిగతాచోట్ల ఇతర ప్రతులను వాడి 4కెలో పునరుద్ధరించారు. 2015లో ఆ ప్రతి బయటికొచ్చింది. ఆ పని మన పాత చిత్రాలకూ చేయగల నైపుణ్యం చెన్నైలోనే, సాలిగ్రామంలోని ప్రసాద్ సంస్థలోనే ఉంది; కొరవడినది హక్కుదారుల ఆసక్తి.

కొనేవారు మరొక్కటి గమనించాలి. బ్లూ-రేకు ప్రాంతపు తాళం ఉండవచ్చు: మనది సి, అమెరికాది ఎ. అక్కడి నుంచి తెప్పించిన డిస్కు మన ప్లేయరులో ఆడకపోవచ్చు. 4కె డిస్కులకు ఆ తాళం లేదు. కనుక చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో ప్లేయరు బేరమాడే ముందు, ఇంట్లోని డిస్కు ఒకటి సంచిలో వేసుకుని వెళ్లి, అక్కడే పెట్టించి చూడండి.