వేపేరి మీదుగా వెళ్ళే బస్సు

మంగళవారం, రాత్రి.

పొద్దున్నే పాలు విరిగిపోయాయి. నాన్నకి కాఫీ ఆలస్యమైంది, ఆ విసుగంతా పేపరు మీద చూపించారు. ఆఫీసులో లంచ్ దగ్గర ఒకటే గోల: ఒక నటుణ్ణి పోలీసులు తీసుకెళ్ళారని. "ఇంక వాడి పని అయిపోయినట్టే" అని ఒకావిడ తేల్చేసింది. "ఏం కాదు, ఆర్నెల్లు పోతే ఎవరికీ గుర్తుండదు" అన్నాడు పక్క సీటతను. పెరుగన్నం కలుపుకుంటూ ఇద్దరి మాటా విన్నాను. ఒకే కేసులో ఆ రెండూ నిజమైన సందర్భం ఈ చెన్నైలోనే ఉంది. అది జరిగిన వేపేరి మీదుగానే మా బస్సు రోజూ వెళ్తుంది.

1944 నవంబరు 8న వేపేరిలో రిక్షాలో వెళ్తున్న లక్ష్మీకాంతన్ అనే పత్రికాయన్ని కత్తితో పొడిచారు. మర్నాడు జనరల్ ఆస్పత్రిలో చనిపోయాడు. సినిమా వాళ్ళ పడకగది సంగతులు అచ్చేసి బతికిన మనిషి. మొదట 'సినిమా తూతు' అనే పత్రిక నడిపాడు. సినిమా వాళ్ళు గవర్నరు దాకా వెళ్ళి దాని లైసెన్సు రద్దు చేయించారు. దాంతో 'హిందూ నేసన్' అనే ఇంకో పత్రిక చేతిలోకి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. హత్య వెనక ఉన్నారని డిసెంబరులో తమిళ సినిమాల్లో పాటలు పాడే పెద్ద హీరో ఎం.కె. త్యాగరాజ భాగవతార్‌ని, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌ని, తర్వాత పక్షిరాజా స్టూడియో పేరుతో తెలిసిన దర్శకుడు శ్రీరాములు నాయుడిని అరెస్టు చేశారు.

ఆ ఏడు దీపావళికే భాగవతార్ 'హరిదాస్' విడుదలైంది. బ్రాడ్వే థియేటర్లో మూడు దీపావళులు చూసిందా సినిమా. హీరో జైల్లో, ఆయన పాట థియేటర్లో. జనం టిక్కెట్టు కొని మరీ విన్నారు. కేసు రాగానే జనం మొహం తిప్పేసుకుంటారని మనం గట్టిగా అనేస్తాం గానీ, ఇక్కడ అలా జరగలేదు.

రాత్రి అన్నం తింటూ నాన్నని అడిగాను. "మీ నాయనమ్మ బ్రాడ్వేలో చూసిందే హరిదాస్. హత్యకేసు ముద్దాయి అని తెలిసే వెళ్ళిందమ్మా. ఆ గొంతు వేరు, కేసు వేరు అనేది." పప్పు వడ్డించుకుంటూ ఇంకోటి కూడా అన్నారు. "కేసే చంపేసింది ఆయన్ని." ఆ మాటే నాకు పూర్తిగా మింగుడుపడలేదు.

1945లో భాగవతార్‌కీ కృష్ణన్‌కీ యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు పోయింది. అప్పట్లో మనకి ఆఖరి కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్తే, మళ్ళీ వినమని వాళ్ళు వెనక్కి పంపారు. 1947 ఏప్రిల్లో ఇద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అసలు ఎవరు చంపారన్నది ఇప్పటికీ తేలలేదు.

భాగవతార్ బయటికొచ్చి సొంతంగా 'రాజముక్తి' తీశారు, 1948లో. మన భానుమతి కూడా ఉన్నారందులో. ఆడలేదు. 'అమరకవి' అదీ అంతే. ఆయన జైల్లో ఉన్న రెండేళ్ళ చిల్లరలో, ఆ తర్వాత రెండేళ్ళలో తమిళ సినిమాకి వేరే గాలి తగిలింది. పాటమీద పాట పాడే హీరో పోయి, డైలాగు దంచే హీరో వచ్చాడు. పాట పాడడానికి వెనక వేరే గొంతు ఉంటే చాలు. 1949లో ద్రావిడ ఉద్యమ నాయకుడు అన్నాదురై రాసిన 'వేలైక్కారి' సినిమా ఎటు లాగిందో చూస్తే తెలుస్తుంది. భక్తుడిగా, రాజుగా నిలబడి గొంతెత్తి పాడే మనిషికి అక్కడ చోటేది? 1959 నవంబరులో భాగవతార్ పోయారు, యాభై కూడా నిండలేదు. ఆఖరి సినిమా ఆయన పోయాక విడుదలైంది.

మరి కృష్ణన్? అదే కేసు, అదే జైలు, అదే శిక్ష. బయటికొచ్చాక 1949లో 'నల్లతంబి', 1951లో స్వయంగా దర్శకత్వం వహించిన 'మణమగళ్'. కొత్త గాలి ఆయన వైపే వీచింది, అన్నాదురై బృందం ఆయనకు ఆప్తులు. ఇంట్లో భార్య మధురం కంపెనీని పడిపోనివ్వలేదు. కేసు ఖర్చులకని 'పైత్తియక్కారన్' సినిమా మొదలెట్టింది, భర్త విడుదలయ్యాక ఆయన సీన్లు కూడా చేర్చారు. నవ్వించేవాడు జైలుకెళ్ళొచ్చినా నవ్వించగలడు అని నా అనుమానం. దేవుడి పాటలు పాడే హీరో మీద మాత్రం జనం ఒక పవిత్రతని మోపుతారు, ఆయనా దాన్ని మోస్తాడు. జైలు తర్వాత అది మోయడం కష్టమై ఉండాలి. నాన్న ఒప్పుకోలేదు. "అదృష్టం, ఇంకేం లేదు" అన్నారు, మజ్జిగ తాగేసి లేచారు.

మూడో ముద్దాయి శ్రీరాములు నాయుడి సంగతి ఎవరూ ఎత్తరు. విచారణలోనే ఆయన్ని వదిలేశారు. 1954లో ఎం.జి.ఆర్‌తో 'మలైక్కళ్ళన్', ఎన్.టి.ఆర్‌తో 'అగ్గిరాముడు' తీశాడు. అగ్గిరాముడు మా ఇంట్లో టీవీలో ఎన్నిసార్లొచ్చినా నాన్న చూస్తారు. దర్శకుడు హత్యకేసులో ఇరుక్కున్నవాడని ఈ రాత్రి నేను చెబితే, "ఆయనేనా?" అని కళ్ళజోడు తీసి అడిగారు. తెర వెనకవాడి మొహం ఎవరికి తెలుసు కనక.