మొర్రి గింజ మొలకెత్తే దాకా

తమ్ముడు విదేశం నుంచి హేజల్‌నట్స్ తెచ్చినప్పుడు ఆ చెట్టే పెంచాలనిపించింది. కానీ దానికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలట. హనుమకొండలో అది జరిగే పని కాదు. అప్పుడు గుర్తొచ్చింది మన మొర్రి. మిఠాయిల్లో వేసే సారపప్పు ఆ గింజలోదే.

ఎండాకాలంలో ములుగు రోడ్డు మీద మొర్రి పండ్లు కొని, తిని, గింజలు కడిగి నలభై దాకా కుండీల్లో పెట్టాను. వానకాలం మొత్తం చూశాను. ఒక్కటీ మొలవలేదు.

మరుసటి ఏడు పండ్లమ్మే అవ్వను అడిగితే ఒక గింజ చేతిలో పెట్టి చూపించింది. "గీ గీత కనిపిస్తుందా బిడ్డా? దీని మీద మెల్లగ కొట్టు. పెంకు ఇచ్చుకోవాలె, పలుకు నలగొద్దు." గింజ అంచు చుట్టూ వెంట్రుకంత గీత ఉంది. ఇంటికొచ్చి గింజను బండ మీద నిలబెట్టి, చిన్న రాయితో కొట్టడం నేర్చుకున్నాను. మొదట పది పప్పులు నలిగిపోయాయి. తర్వాత చెయ్యి కుదిరింది. "టక్" అని సన్నగా వినిపించగానే ఆపేయాలి. అలా ముప్పై పెడితే, మూడు వారాల్లో పదకొండు మొలిచాయి. పొద్దున్నే వంగి మట్టిలోంచి లేస్తున్న మొలకను చూసి మా ఆవిడను గట్టిగా కేకేశాను.

అసలు నష్టం తర్వాత జరిగింది. చిన్న కవర్లలో ఎక్కువ రోజులు ఉంచాను. తల్లివేరు అడుగు రంధ్రంలోంచి నేలలోకి దిగిపోయింది. కవరు ఎత్తగానే తెగింది. ఆరు మొక్కలు వారంలో వాడిపోయాయి. ఇప్పటికీ బాధే. మొర్రి పెట్టాలనుకునేవాళ్లు పొడవాటి కవరు తీసుకోండి. వీలైతే గింజను నేరుగా గుంతలోనే పెట్టండి.

మా పెరడు నల్లరేగడి, నీళ్లు నిలుస్తాయి. అందుకే ఎర్రమట్టి, ఇసుక తెప్పించి ఎత్తుగా దిబ్బ పోసి రెండు మొక్కలు నాటాను. మొదటి ఎండాకాలం గోనెపట్టా నీడ కట్టాను. మూడేళ్లయినా ఇంకా మోకాలెత్తే. మొర్రి నెమ్మదిగా పెరిగే చెట్టు. కొత్త చిగురు మీద మెత్తటి నూగు ఉంటుంది. ముదిరిన ఆకు తోలులా గట్టిగా, ఈనెలు తిన్నగా గీసినట్టు ఉంటాయి.

మిగిలిన మూడు అక్కయ్య వాళ్ల చెలకకు ఇచ్చాను. అక్కడిది ఎర్రనేల. అవి అప్పుడే నా నడుము దాకా వచ్చాయి.