భీముడి పెరుగన్నం

"అన్నమా? పిల్లికి అన్నం పెడతారా?" అని ఆ పశువుల ఆసుపత్రి నర్సు కలం ఆపి నా మొహంలోకి చూసింది. కోప్పడి ఉంటే ఏదో సర్దిచెప్పుకునేదాన్ని. ఆమె నిజంగానే నమ్మలేకపోయింది. మా భీముడిని బల్లమీద కూర్చోబెట్టి, వాడు రోజంతా ఏమేం తింటాడో ఆమె రాసుకుంటున్నప్పుడు, దాచవలసిన సంగతని తోచక, రాత్రి మేము భోంచేసే వేళకు వాడికీ రెండు ముద్దల పెరుగన్నం పెడతానని నేనే చెప్పాను. పిల్లి మాంసాహారి అనీ, పిండిపదార్థం దాని ఒంటికి సరిపడదనీ ఆమె నెమ్మదిగా వివరిస్తుంటే తలూపుతూ కూర్చున్నాను. కెనడాలోని ఈ బ్రాంప్టన్‌కు వచ్చిన తొమ్మిదేళ్ళలో నా ఇంగ్లీషు గురించీ, వంటింటి పోపు వాసన గురించీ మాటలు పడ్డాను కాని, పెరుగన్నం గురించి పడడం అదే మొదలు.

అప్పటికి మూడు వారాలుగా వాడు నీళ్ళగిన్నె దగ్గరనుంచి కదలడం లేదు. ఇసుకతొట్టిలో మూత్రానికి కట్టే ఉండలు రెండింతలయ్యాయి. ఆకలి పెరుగుతున్నా, ఏడున్నర కిలోల వాడు ఆరు కిలోలకు దిగాడు. వెనక కాళ్ళను మడమలదాకా నేలకు ఆనించి, వృద్ధులు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచినట్టు నడవడం మొదలుపెట్టిన తరువాత గాని మాకు భయం వేయలేదు. రక్తంలో చక్కెర 26 ఉందని డాక్టరు చెప్పగానే "అంతగా పడిపోయిందా?" అన్నాను. తెనాలిలో నాన్న షుగరు కాగితాలు చదివి పెరిగినదాన్ని కనుక 26 అంటే మనిషి స్పృహ తప్పే అంకెగానే తోచింది. ఇక్కడి లెక్క మిల్లీమోల్స్‌లో ఉంటుంది. దాన్ని 18తో హెచ్చవేస్తే మన లెక్కలో 468. ఆసుపత్రి బెదురుకు కూడా పిల్లులకు చక్కెర పెరుగుతుందట. అందుకని, గడిచిన రెండు మూడు వారాల సగటు తెలిపే ఫ్రక్టోసమీన్ పరీక్ష కూడా చేశారు. అందులోనూ మధుమేహమనే తేలింది.

ఇంటికి వచ్చాక నా మనసు చక్కెరను వదిలేసి పెరుగన్నం చుట్టూ తిరిగింది. తెనాలిలో మా ఇంటి చుట్టుపక్కల పిల్లులన్నీ పెరుగన్నం తిన్నవే, ఒక్కదానికీ షుగరు రాలేదు కదా అని ఆ నర్సుతో లోలోపల చాలాసేపు వాదించాను. వాదం ముదిరినకొద్దీ నావైపు బలం తగ్గుతూ వచ్చింది. అక్కడి మా పిల్లి కడుపు నింపింది ధాన్యపు కొట్లోని ఎలుకలు. పెరుగన్నం మేము చేసిన మర్యాద మాత్రమే. పైగా ఆ పిల్లులు నాలుగైదేళ్ళకే ఏ కుక్కకో, ఏ లారీకో పోయేవి. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది నడివయసు దాటిన, ఒళ్ళు చేసిన, ఇల్లు కదలని మగపిల్లులకు. మావాడికి పదేళ్ళు, వాడు గడప దాటింది లేదు. అయినా, ఊళ్ళో పిల్లికి రక్తపరీక్ష చేయించిన వాళ్ళెవరు?

నిజానికి నన్ను అంతగా నొప్పించింది పిల్లి సంగతి కాదనుకుంటాను. నాన్నకు షుగరు బయటపడిన రోజున డాక్టరు "అన్నం తగ్గించండి" అంటే, అది తన వంట మీద వచ్చిన నేరమైనట్టు అమ్మ తల వంచుకుని నిలబడింది. ఇరవై ఏళ్ళ తరువాత నేనూ అలాగే నిలబడ్డాను.

అయితే ఆ నర్సు వదిలేసిన లెక్క కూడా ఒకటుంది. రాత్రి రెండు ముద్దల అన్నానికి ముందు, పగలంతా వాడి ముందు పొడిమేత గిన్నె నిండుగా ఉండేది. సంచి మీద సంపూర్ణాహారమని రాసి ఉన్న ఆ గింజల్లోనూ పిండిపదార్థం తక్కువేమీ కాదు. మేమిద్దరమూ వేర్‌హౌసులో పనిచేస్తాము. ఓవర్‌టైము కలిస్తే పన్నెండు గంటలు ఇంట్లో మనిషి ఉండడు. గిన్నె నింపి తలుపు వేసుకుని వెళ్ళిపోయాము, వాడు విసుగు పుట్టినప్పుడల్లా తిన్నాడు. ఇది తోచిన తరువాత ఆ నర్సు మీద కోపం నిలవలేదు, కాని అది పోయినందుకు సుఖమూ కలగలేదు.

ఇప్పుడు పొడిమేత లేదు, పిండిపదార్థం తక్కువగా ఉన్న డబ్బా మాంసం రెండు పూటలు. ఉదయం ఆరుకూ సాయంత్రం ఆరుకూ తిన్నాక ఒక్కొక్క యూనిట్ ఇన్సులిన్. ఆరు గంటలన్నది మారుతూ ఉండే మా షిఫ్టులతో కుదరదు. పిల్లి కోసమంటే నవ్వుతారేమోనని, మా ఆయనకు షుగరు వచ్చిందనీ సూది నేనే వేయాలనీ అబద్ధం సిద్ధం చేసుకుని సూపర్‌వైజరు దగ్గరకు వెళ్ళాను. ఆవిడ జమైకా మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. ఆవిడ ముందు అబద్ధం నోట రాలేదు. నిజం విని, పిల్లి పేరేమిటని అడిగి, నన్ను మూడు నెలలపాటు పగటి షిఫ్టులోనే ఉంచింది.

మాకిచ్చిన ఇన్సులిన్‌లో ఒక్క యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. సిరంజిలో మొదటి గీత దగ్గర కనిపించీ కనిపించని తడి, అంతే. మెడ వెనక చర్మాన్ని గుడారంలా ఎత్తి, ఆ మడతలో గుచ్చాలి. నాలుగో రోజున సూది మడతలోనుంచి అవతలకు దూసుకుపోయి, మందు బొచ్చు మీద పడింది; వేలు వాసన చూస్తే ఆసుపత్రి వరండా గుర్తుకు వచ్చింది. ఎంత లోపలికి వెళ్ళిందో తెలియనప్పుడు మళ్ళీ వేయకూడదు. ఒక పూట చక్కెర పెరిగితే ప్రమాదం లేదు, తగ్గితేనే ప్రాణం మీదకు వస్తుంది. అలా తగ్గి వాడు తూలితే చిగుళ్ళకు రాసి, వెంటనే డాక్టరుకు ఫోను చేయడానికని ఫ్రిజ్ మీద తేనె సీసా పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం, అక్కడ తెల్లవారుజామున, ఫోనులో నాన్న "గుచ్చే చోటు రోజూ మారుస్తున్నావా, అమ్మాయీ?" అని అడిగారు. ఇన్సులిన్ 1921లో మా పక్కనే ఉన్న టొరంటో విశ్వవిద్యాలయంలో కనిపెట్టారని చెబితే, "అయితే నేను ఇన్నాళ్ళూ పొడుచుకుంటున్నది మీ ఊరి మందన్నమాట" అని నవ్వారు. తొందరగా మొదలుపెట్టి జాగ్రత్తగా చూసుకుంటే కొన్ని పిల్లులకు కొంతకాలానికి ఇన్సులిన్ అక్కర లేకుండా పోతుందని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఇంట్లో పరీక్ష చేయడానికి చెవి అంచున చిన్నగా గుచ్చి రక్తపుచుక్క తీయాలి, చల్లటి చెవినుంచి అది రాదు. నాలుగు సార్లు గుచ్చినా రాలేదని ఆసుపత్రికి ఫోను చేస్తే ఆ నర్సే పలికింది. శుభ్రమైన మేజోడులో గుప్పెడు బియ్యం పోసి, ముడివేసి, మైక్రోవేవ్‌లో గోరువెచ్చగా చేసి చెవికి ఆనించమని చెప్పి, "ఇంట్లో బియ్యం ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. ఈ ఉదయం 14.1 వచ్చింది. సోనా మసూరి మేజోడును చెవి దగ్గరకు తేగానే భీముడు అటు తిరిగి వాసన చూస్తాడు, చాలాసేపు చూసి, వదిలేస్తాడు.