అవ్వ బేసరిలో రాళ్లు

అవ్వ సంవత్సరీకానికి తొమ్మిది రోజులుంది. నట్టింట్లో పెట్టడానికి ఆమె ఫోటో 12×18 అంగుళాల్లో వేయించాలనుకున్నాం. ఉన్నవాటిలో మంచిది చిత్తూరులో ఉండే మా మేనల్లుడు ఫోన్‌తో తీసింది. కపిలతీర్థం మెట్ల మీద చుట్టూ మనవళ్లు, మధ్యలో అవ్వ. వాడు వాట్సాప్‌లో పంపింది పట్టుకుని గాంధీ రోడ్డులో ఒక స్టూడియోకి వెళ్లాను.

"పెద్దది చేస్తే పగలతాది సార్. ఒరిజినల్ ఉంటే తీసుకురాండి" అన్నాడాయన.

ఫోన్లో అంత చక్కగా ఉన్న ముఖం పెద్దది చేస్తే గళ్లుగళ్లుగా ఎందుకు పగలాలి? ఇంటికొచ్చి ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి చూశాను. 1200×1600 పిక్సెళ్లు (ఫోటోలోని రంగు చుక్కలు), రిజల్యూషన్ 72. ప్రింటుకు 300 ఉండాలని విని ఉన్నాను కాబట్టి 72 తీసేసి 300 కొట్టాను. పిక్సెళ్లు 5000×6667 అయ్యాయి. పని అయిపోయిందనుకుని దగ్గరగా చూస్తే అవ్వ ముఖం మైనం పూసినట్టుంది. ముక్కున బేసరి ఉత్త తెల్ల మచ్చ.

ఆ రాత్రి దాన్ని వదలబుద్ధి కాలేదు. అదే పెట్టెలో రీశాంపుల్ అని ఒక టిక్ ఉంది. అది తీసేసి మళ్లీ 300 కొట్టాను. ఈసారి పిక్సెళ్లు కదల్లేదు, అంగుళాలే తగ్గి 4×5.33 అయ్యాయి. అప్పుడు అవ్వ ముగ్గు గుర్తొచ్చింది. చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే ముగ్గు చిన్నది, ఎడంగా పెడితే వాకిలంతా. చుక్కల లెక్క మాత్రం మారదు. 72, 300 అనేవి అంగుళానికి ఎన్ని చుక్కలు పరచాలో చెప్పే అంకెలు, అంతే. టిక్ ఉన్నప్పుడు ఫోటోషాప్ పక్క చుక్కల రంగు చూసి మధ్యలో కొత్త చుక్కలు ఊహించి పెడుతుంది. కెమెరా చూడని బేసరి రాయి దానికి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

మా వాట్సాప్ ఫోటోలో ఉన్నవి 19,20,000 చుక్కలు. 12×18కి 300 చొప్పున కావాలంటే 3600×5400, అంటే 1,94,40,000. (లీలామహల్ సర్కిల్లో కట్టే ఫ్లెక్సీలకు ఇంత అక్కర్లేదు, వాటిని దూరం నుంచి చూస్తాం కదా. ఇంట్లో ఫోటో దగ్గరికి పోయి చూసుకుంటాం.)

మేనల్లుడికి ఫోన్ చేసి, ఫోటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపరా అన్నాను. పంపాడు. మళ్లీ 1200×1600! వాడు వాట్సాప్ ఫోల్డర్‌లో ఉన్నదాన్నే పంపాడు. ఒకసారి కుదించినదాన్ని ఎలా పంపినా అంతే. "కెమెరా ఫోల్డర్‌లో చూడరా" అంటే, "ఆ ఫోన్ పాతది మామా, పగిలిపోయి బీరువాలో ఉంది" అన్నాడు. మరుసటి రోజు దాన్ని చార్జింగ్ పెట్టి, తెర సగం పనిచేస్తున్నా ఓపికగా వెతికి పంపాడు. 3000×4000. కోటీ ఇరవై లక్షల చుక్కలు.

స్టూడియోకి వెళ్లి పక్కనున్న పిల్లల్ని తీసేసి అవ్వ వరకే కత్తిరిస్తే మిగిలింది 1500×2250. కత్తిరించడమంటే చుక్కలు పారేయడమేనని అప్పుడు కళ్లారా చూశాను. 12×18 వేస్తే అంగుళానికి 125 చుక్కలే. 8×12 అయితే 187. "చిన్నదే వేసుకోండి సార్, ముఖం నిలబడతాది" అన్నాడాయన. ఇంట్లో పెద్దదే కావాలన్నారు. నేను ఒప్పుకోలేదు, 8×12 వేయించాను.

సంవత్సరీకం నాడు అమ్మ ఆ ఫోటోకి దండ వేస్తూ ఆగింది. ముక్కు దగ్గర వేలు పెట్టి బేసరి రాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఏడూ ఉన్నాయి.