నా గొంతేనా ఇది?

ల్యాప్‌టాప్ మైక్‌లో మాట్లాడి రికార్డ్ చేశాను. ప్లే నొక్కగానే ముందు వినిపించింది ఫ్యాన్. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్! దాని వెనకెక్కడో, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు నేను.

డ్రైవర్, అంటే మైక్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, మళ్లీ వెయ్యమని అందరూ చెప్పేదే కదా, వేశాను. ఏ తేడా లేదు.

చివరికి మైక్ ప్రాపర్టీస్‌లో లెవెల్స్ తెరిస్తే, మైక్రోఫోన్ బూస్ట్ +30 డీబీ (డెసిబెల్స్) దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంది. 30 డీబీ అంటే సిగ్నల్ 30 రెట్లకు పైగా పెరిగినట్టు. పెంచేటప్పుడు దానికి నా గొంతూ ఒకటే, ఫ్యాన్ హోరూ ఒకటే. +10కి దించి, కాస్త దగ్గరగా జరిగి మాట్లాడితే హోరు చాలావరకు తగ్గింది.

అప్పుడు బయటపడింది అసలు తమాషా. మాటల చివర్లు మాయం! 'చెప్పాను' అంటే 'చెప్పా' దగ్గరే ఆగిపోతోంది. శబ్దం తగ్గించే ఫీచర్ నా మెల్లని అక్షరాలను కూడా చప్పుడు కిందే లెక్కేసి కోసేస్తోంది. అది ఉండే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ సెట్టింగ్ ఆఫ్ చేశాక మాట పూర్తిగా వచ్చింది. సాయం చేస్తానని వచ్చి మాట మింగేసే ఫీచర్ ఎందుకో మరి.

కీబోర్డు టకటక మాత్రం ఇంకా పోలేదు. మైక్ రంధ్రం తెచ్చి కీల పక్కనే పెడితే ఇంకేం వినిపిస్తుంది?

వైరున్న ఇయర్‌ఫోన్స్ మైక్‌తో రికార్డ్ చేసేవాళ్లెవరైనా ఉన్నారా? ఎలా వస్తోందో చెప్పండి.